తవుడు నిలిపిన చంటి ప్రాణాలు

తల్లిపాలు తాగే బిడ్డలకు విటమిన్ చుక్కలు ఎందుకు అవసరమయ్యాయి? మనీలా నుంచి ఉత్తర సర్కారు జిల్లాల దాకా సాగిన కథ ఇది. అందులో నెల్లూరులో పుట్టిన ఒక శాస్త్రవేత్తకు పెద్ద పాత్ర ఉంది.

గడిచిన శతాబ్దం తొలి ఏళ్లలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో చంటిబిడ్డలు ఒకే తీరుగా చనిపోయేవారు. పుట్టినప్పుడు బొద్దుగానే ఉంటారు. మొదటి నెల హాయిగా గడిచిపోతుంది. రెండో నెల దాటాక బిడ్డ తాగిన పాలు కక్కడం మొదలుపెడతాడు. నిద్ర పట్టదు, ఒళ్లు ఉబ్బుతుంది. ఏడుస్తాడు గానీ గొంతు పెగలదు. నోరు తెరిచి గుక్కపట్టినా శబ్దం బయటికి రాదు. తర్వాత ఆయాసం, పెదవులు నీలం కావడం, చివరికి గుండె ఆగిపోవడం. కొందరిలో ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే ముగిసిపోయేది.

వీళ్లంతా తల్లిపాల మీద పెరుగుతున్న బిడ్డలే. తల్లులు చాలామంది చూడ్డానికి ఆరోగ్యంగానే ఉండేవారు. కాళ్లలో కాస్త తిమ్మిరి, నాలుగడుగులు వేస్తే అలసట ఉన్నా, బాలింతకు ఇవి మామూలేనని సరిపెట్టుకునేవారు.

1910లో అమెరికా సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ వెడర్, మనీలాలోని బ్యూరో ఆఫ్ సైన్స్‌లో పనిచేస్తున్న ఒక యువ రసాయన శాస్త్రవేత్త దగ్గరికి సీసా ఒకటి పట్టుకొచ్చారు. అందులో బియ్యపు తవుడు నుంచి తీసిన చిక్కటి రసం ఉంది. ప్రాణం మీదికి వచ్చిన బిడ్డలు ఈ రసంతో కోలుకుంటున్నారని, ఇందులో ఉన్న పదార్థమేదో తేల్చమని అడిగారు. ఆ రసం చుక్కలు గొంతులో పడ్డ పసికందు కొన్ని గంటల్లోనే తేరుకోవడం ఆ యువకుడు కళ్లారా చూశారు. ఆ తర్వాత పాతికేళ్లు ఆయన ఆ ప్రశ్నను వదల్లేదు.

ఆయన పేరు రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్. పుట్టింది నెల్లూరులో, 1886 ఫిబ్రవరి 16న. తల్లిదండ్రులు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు.

జావా కోళ్లు, జైలు కూడు

తవుడులో మందు ఉందని వెడర్‌కు తట్టడం వెనుక రెండు దశాబ్దాల శ్రమ ఉంది. డచ్చి వారి పాలనలో ఉన్న జావాలో సైనికులు, ఖైదీలు బెరిబెరి అనే జబ్బుతో (మనీలా బిడ్డలదీ అదే జబ్బు) కుప్పకూలుతుంటే, 1890 ప్రాంతంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే వైద్యుడు బటావియాలో దానికి కారణమైన క్రిమి కోసం వెతుకుతున్నారు. ఆయన ప్రయోగశాల కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు పడిపోయాయి. కొన్నాళ్లకు వాటంతటవే కోలుకున్నాయి. ఆరా తీస్తే సంగతి బయటపడింది. జబ్బు పడ్డ రోజుల్లో ఆ కోళ్లు తిన్నది సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లటి పాలిష్ బియ్యపు అన్నం. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నం కోళ్లకు పెట్టనన్నాడు. దాంతో అవి మళ్లీ ముతక బియ్యానికి మారి, కోలుకున్నాయి.

తర్వాత అడాల్ఫ్ ఫోర్డర్‌మన్ అనే వైద్యాధికారి జావాలోని 101 జైళ్లలో సుమారు 2,80,000 మంది ఖైదీల తిండిని, రోగాలను పోల్చి చూశారు. తెల్ల బియ్యం వండే జైళ్లలో బెరిబెరి విపరీతంగా ఉంది. తవుడు పొర ఉన్న బియ్యం వండే చోట దాదాపు లేదు. 1901లో గెరిట్ గ్రైన్స్ అసలు మాట చెప్పారు. జబ్బుకు కారణం అన్నంలో ఉన్న విషం కాదనీ, శరీరానికి కావలసినదేదో ఆ అన్నంలో లేకపోవడమేననీ ఆయన తేల్చారు. లండన్‌లో కాసిమిర్ ఫంక్ 1912లో ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి పెట్టిన పేరే విటమిన్.

నింద పడింది తల్లి మీద

పెద్దల సంగతి తేలినా, అన్నం ముట్టని చంటిబిడ్డకు బెరిబెరి ఎలా వస్తుంది? జపాన్‌లో హిరోతా అనే వైద్యుడు 1890లలోనే దీన్ని గమనించారు. ఈ జబ్బున్న తల్లుల పాలు తాగిన బిడ్డలు జబ్బు పడుతున్నారు, ఆ పాలు మాన్పిస్తే కోలుకుంటున్నారు. దాంతో తల్లిపాలలో విషం ఉందనే అనుమానం బలపడింది.

మనీలాలో వెర్నన్ ఆండ్రూస్ అనే వైద్యుడు 1912లో ప్రచురించిన ప్రయోగం ఈ అనుమానాన్ని పరీక్షకు పెట్టింది. బెరిబెరితో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల పాలు కుక్కపిల్లలకు పట్టించారు. అవీ నీరసించి జబ్బు పడ్డాయి. కడుపుకోతలో ఉన్న ఆ తల్లులు అలాంటి ప్రయోగానికి ఎందుకు ఒప్పుకున్నారో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది. ఆ పాలలో లోపం ఉందని దానితో రుజువైంది. కానీ అది విషమా, వెలితా అన్నది తేలలేదు.

దాన్ని తేల్చింది వెడర్, ఆయన సహచరుడు వెస్టన్ చాంబర్లేన్. అదే ఏడాది వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం, జబ్బు పడ్డ బిడ్డలను తల్లి రొమ్ము నుంచి వేరు చేయలేదు. అదే తల్లి, అవే పాలు. అదనంగా తవుడు రసం చుక్కలు మాత్రం వేశారు. బిడ్డలు కోలుకున్నారు. పాలలో విషమే ఉంటే ఆ పాలు తాగుతూ బిడ్డ ఎలా బతుకుతాడు? తల్లి తినే తెల్లన్నంలో లేనిది ఆమె పాలలోకీ రాలేదు. లోటు తల్లిది కాదు, ఆమె కంచానిది.

నా దృష్టిలో శిశువైద్య చరిత్రలో ఇది చాలా పెద్ద మలుపు. డబ్బాపాలు కొనే స్తోమత లేని ఇళ్లలో, శుభ్రమైన నీళ్లు దొరకని వాడల్లో తల్లిపాలు మాన్పించడమంటే బిడ్డను మరో మృత్యువుకు అప్పగించడమే. ఆ చుక్కలు తల్లినీ బిడ్డనూ విడదీయకుండానే ప్రాణం నిలిపాయి. మనీలా బ్యూరో ఆఫ్ సైన్స్ ఆ రసాన్ని తయారుచేసి పంచింది. తికి-తికి అని అక్కడివాళ్లు పిలిచే ఆ తవుడు మందు పేరు చంటిపిల్లల విటమిన్ చుక్కల మీద ఆ దేశంలో ఇప్పటికీ కనిపిస్తుంది.

పాతికేళ్ల వెతుకులాట

తవుడులోని ఆ పదార్థాన్ని విడదీయడం విలియమ్స్ అనుకున్నంత తేలిక కాలేదు. అమెరికా తిరిగి వెళ్లాక ఆయన బెల్ టెలిఫోన్ సంస్థ ప్రయోగశాలల్లో రసాయన విభాగానికి అధిపతి అయ్యారు. పగలు టెలిఫోన్ తీగల తొడుగుల పని, తీరిక వేళల్లో తవుడు పని. ఈలోగా 1926లో జావాలోనే యాన్సెన్, డొనాత్ అనే ఇద్దరు డచ్చి శాస్త్రవేత్తలు తొలిసారి దాని స్ఫటికాలను రాబట్టారు. 300 కిలోల తవుడు నుంచి వారికి దక్కింది 100 మిల్లీగ్రాములు. అంత కొద్ది పదార్థంతో దాని నిర్మాణం తేల్చడం కష్టం. విలియమ్స్ మెరుగైన పద్ధతి కనిపెట్టి, 1936లో నిర్మాణాన్ని తేల్చి కృత్రిమంగా తయారుచేశారు. అదే థయమిన్, మనం బి1 అనే విటమిన్. పేటెంటు రాబడిలో పెద్ద భాగం పోషకాహార లోపాల మీద పోరాడే నిధికి వెళ్లేలా ఏర్పాటు చేశారు. 1940లలో ఫిలిప్పీన్స్‌కు తిరిగి వెళ్లి, అక్కడి వైద్యుడు హువాన్ సల్సేదోతో కలిసి బటాన్ ప్రాంతంలో థయమిన్ కలిపిన బియ్యం పంచే కార్యక్రమం నడిపారు. బెరిబెరి మరణాలు అక్కడ బాగా తగ్గాయి.

మన సర్కారు జిల్లాల్లో

ఇదంతా దూరదేశపు కథ కాదు. మద్రాసు రాజధానిలో బెరిబెరికి పేరుపడ్డది ఉత్తర సర్కారు ప్రాంతమే. సైనిక వైద్యుడు జాన్ మాల్కమ్‌సన్ 1835లోనే మద్రాసులో ఈ రోగం మీద ఒక గ్రంథం అచ్చువేశారు. 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధన విభాగం ప్రారంభించారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో తార్నాకలో పనిచేస్తోంది.

ఒకే రాజధానిలో తమిళ, మలయాళ జిల్లాలకు లేని జబ్బు తెలుగు తీరానికి ఎందుకు వచ్చింది? వాళ్లు ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మరలో ఎంత పట్టినా కొంత మిగులుతుంది. మన కోస్తాలో తినేది పచ్చి బియ్యం. రోకటి దంపుళ్ల రోజుల్లో దానికీ కొంత తవుడు అంటుకుని ఉండేది. రైసుమిల్లులు వచ్చాక అదీ పోయింది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మరబియ్యంలో బి1 0.06 మిల్లీగ్రాములే. దంపుడు బియ్యంలో 0.21, మరపట్టిన ఉప్పుడు బియ్యంలోనూ 0.21. ఆ కాస్తలోనూ కడుగు నీళ్లతో కొంత, వార్చిన గంజితో కొంత పోతుంది.

1935 నుంచి కూనూరు ప్రయోగశాలకు సంచాలకుడుగా ఉన్న వాలస్ ఐక్రాయిడ్, తన సహోద్యోగి కృష్ణన్‌తో కలిసి 1941లో మద్రాసు రాజధాని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాల మీద ఒక పరిశీలన ప్రచురించారు. మామూలుగా బిడ్డ వయసు పెరిగేకొద్దీ మరణాలు తగ్గుతూ రావాలి. బెరిబెరి ప్రాంతంలో మాత్రం రెండో నెల నుంచి ఐదో నెల మధ్య మరణాలు ఎక్కువగా కనిపించాయి. మనీలా తల్లులు బిడ్డలను పోగొట్టుకున్న వయసే అది. బాలారిష్టమనీ, దృష్టి తగిలిందనీ మన ఊళ్లలో సరిపెట్టుకున్న చావుల్లో తవుడు చుక్కలతో ఆగిపోయేవి కొన్నయినా ఉన్నాయని ఆ పరిశీలన చెబుతోంది.

పథ్యం పేరిట మరో లోటు

తల్లి తిండిలోని లోటు పాల ద్వారా బిడ్డకు చేరడం బి1తో ఆగలేదు. 1962లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు తల్లిపాల మీదే ఉన్న కొందరు శిశువులను వర్ణించారు. వారిలో రక్తహీనత, చేతుల మీద, కాళ్ల మీద నల్లబారిన చర్మం కనిపించాయి. అప్పటిదాకా నేర్చుకున్న నవ్వులు, కదలికలు కూడా మర్చిపోతున్నారు. తల్లులలో బి12 చాలా తక్కువ, పాలలోనూ అంతే. బి12 ఇవ్వగానే బిడ్డలు కోలుకున్నారు.

మన ఇళ్లలో బాలింతకు పెట్టే పథ్యాన్ని ఈ వెలుగులో చూడాలి. వెల్లుల్లి కారం, నెయ్యి పెట్టడంలో తప్పులేదు. కానీ పప్పు వాయువు చేస్తుందని, ఆకుకూర బిడ్డకు పడదని, గుడ్డు, చేప, పెరుగు వద్దని వారాల తరబడి తెల్లన్నం, కారప్పొడితో గడిపితే ఆ లోటు నేరుగా బిడ్డకు చేరుతుంది. ఇటీవలి సంవత్సరాల్లోనూ కశ్మీర్, కంబోడియా, లావోస్‌ల నుంచి చంటిబిడ్డల బెరిబెరి కేసులు వైద్య పత్రికలకు ఎక్కుతూనే ఉన్నాయి. తెల్లన్నం, కఠినమైన బాలింత పథ్యం కలిసిన చోటే ఆ జబ్బు ఇప్పటికీ ప్రాణాలు తీస్తోంది.

తల్లి కంచంతో తీరనివి

తల్లి ఎంత బాగా తిన్నా పాలలోకి చాలినంత రానివి కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఇనుము. లీటరు తల్లిపాలలో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఉన్నది బాగా ఒంటబడుతుంది గానీ, తల్లి ఐరన్ మాత్రలు వేసుకున్నా పాలలో అది పెరగదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి నుంచి ఇనుము దాచుకుని పుడుతుంది. నెలలు నిండి, సరైన బరువుతో పుట్టిన బిడ్డకు ఆ నిల్వ దాదాపు ఆరు నెలలు వస్తుంది. అందుకే గర్భిణి రక్తహీనతను పట్టించుకోవడం, బొడ్డుతాడును కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగడం బిడ్డకు తొలి ఐరన్ మందుతో సమానం. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు నిల్వ ముందే అయిపోతుంది కాబట్టి డాక్టరు సలహాతో వారాల వయసులోనే చుక్కలు మొదలుపెడతారు.

రెండోది విటమిన్ డి. ఇది తల్లిపాలలో చాలా తక్కువ. ఎండ పుష్కలంగా ఉన్న మన నేల మీదా తల్లులలోనే దీని కొరత ఎక్కువ. భారత శిశువైద్యుల సంఘం ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటోంది. మూడోది విటమిన్ కె. పుట్టిన వెంటనే ఇచ్చే ఒక్క ఇంజెక్షన్ మెదడులో రక్తస్రావం వంటి ప్రమాదం నుంచి కాపాడుతుంది.

ఆరో నెల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్, ఫోలిక్ ఆసిడ్ సిరప్ వేయాలని 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెబుతోంది. మోతాదుకు 20 మిల్లీగ్రాముల ఇనుము. బాలింతకు ప్రసవం తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు. ఆ సిరప్‌లోని ఫోలిక్ ఆసిడ్‌ను 1941లో పాలకూర నుంచి వేరుచేసి ఆ పేరు పెట్టింది రోజర్ విలియమ్స్ బృందం. ఆయన రాబర్ట్ విలియమ్స్ తమ్ముడే, పుట్టింది ఊటీలో. కొన్నేళ్లకే దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇంత చరిత్ర ఉన్నా, బిడ్డకు చుక్కలు రాసిస్తే "నీ పాలలో సారం లేదట" అని కోడలిని సూటిపోటి మాటలనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "తల్లిపాలుండగా మందులెందుకు" అని సీసాను అటక మీద పడేసే ఇళ్లూ ఉన్నాయి. రెండూ బిడ్డకు చేటే. మొదటి ఆరు నెలలూ తల్లిపాలను మించిన ఆహారం లేదు. ఆ పాలు సంపూర్ణంగా ఉండాలంటే తల్లికి పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పెరుగు కడుపునిండా పెట్టాలి. ఆమె తిండితో తీరని వాటిని చుక్కలతో తీర్చాలి. బిడ్డను చూడ్డానికి వచ్చే ఆశా కార్యకర్త, అత్తగారు, భర్త, ఎవరైనా సరే, చుక్కలు వేశారా అని అడిగే ముందు ఈ పూట తల్లి ఏం తిన్నదని అడగాలి. ఆ రెండు ప్రశ్నలూ కలిపి అడిగే అలవాటు మన ఇళ్లకు వస్తే, ఇన్నేళ్ల పరిశోధనకు అసలైన ఫలితం అప్పుడు దక్కుతుంది.