ప్రాణహిత గట్టున ఆపద పిలుపు

తెలుగుదేశపు పటమును ముందు పెట్టుకొని వెదకువారికి సిరొంచ కనబడదు. మహారాష్ట్ర పటమును చూచువారికి అది అట్టడుగున, తూర్పు మూలన, రెండు నదుల నడుమ నొక చుక్క. అయినను ప్రాణహిత గోదావరిలో కలియుచోట, కాళేశ్వర క్షేత్రమున కెదురుగట్టున నున్న ఈ యూరి వీథులలో వినబడు మాట మన మాటయే. అంకీసా, ఆసరెల్లి మొదలగు గ్రామములలోను అంతియే. వీరు పొట్ట చేతబట్టుకొని వలసపోయినవారు కారు. వీ రెక్కడివా రక్కడనే యుండగా ఎల్లలే వీరి మీదుగా నడచిపోయినవి.

1860లో నిజాము ప్రభుత్వము గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కిచ్చివేయగా ఎగువ గోదావరి జిల్లా యని యొకటి యేర్పడి, సిరొంచ దానికి ముఖ్యపట్టణ మాయెను. ఆ వైభవము చిరకాలము నిలువలేదు. కాటను దొర తలపెట్టిన గోదావరి నౌకాయానపు పనులు 1871లో విడిచిపెట్టబడినవి. 1874లో జిల్లాయే తీసివేయబడి, భద్రాచలపు వైపు భూములు మదరాసు రాజధానికిని, సిరొంచ చాందా జిల్లాకును పోయినవి. 1956 నవంబరు 1న చాందా జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను; 1960 మే 1న మహారాష్ట్రముదాయెను; 1982 ఆగస్టు 26న గడ్చిరోలి వేరు జిల్లా యయ్యెను. 2014 జూన్ 2న ఎదుటి గట్టు తెలంగాణ రాష్ట్ర మయ్యెను. నూట యేబది సంవత్సరములలో ఇన్ని మార్పులు జరిగినను వాకిటి ముందరి నది మాత్రము మారలేదు.

ఈ వ్యాసమున మేము విచారింపదలచినది రాజ్యముల చరిత్ర కాదు. ఇల్లంటుకొన్నపుడు, పాము కరచినపుడు, ఏరు పొంగినపుడు ఈ గట్టున నున్న మనుష్యు డెవనిని పిలుచును? ఏ గుర్తుతో, ఏ భాషలో పిలుచును? ఆ పిలుపు విన్నవానికి అర్థమగునా? అగ్నిమాపక దళములకును, అంబులెన్సులకును వైర్‌లెస్సు సంకేతములు, సంభాషణ విధులు ఏర్పడిన కథ లోకమంతటను కలదు. ఆ కథ సరిహద్దున నున్న మన వారికి ఎంతవరకు పనికివచ్చినదో చూడవలసియున్నది.

పూర్వము పల్లెలలో ఈ పని డప్పు చేసెడిది. పెండ్లి దరువు వేరు, చావు దరువు వేరు, చాటింపు దరువు వేరు. విన్నవాడు పొలములో నున్నను సంగతి యేమో గ్రహించెడివాడు. ఇది మోటు పద్ధతి యని కొందరు నవ్వుదురు గాని, నాగరక దేశములు కనిపెట్టినదియు ఇదియే. 1852లో బోస్టను నగరమున వీథుల మూలలందు తంతి పెట్టెలు నిలిపిరి. పిడి త్రిప్పగానే ఆ పెట్టె సంఖ్య యెంతయో అన్ని గంటలు కేంద్రమున మ్రోగును. మంట యే మూలనో తెలియును. ఎంత పెద్దదో, లోపల నెవరున్నారో తెలియదు. దరువునకును ఈ గంటకును భేదము మాకు కనబడుట లేదు.

తంతి వచ్చిన పిదప సంకేతములు మరియొక కారణమున పెరిగినవి. మాటకింత యని రుసుము గనుక జనులు మాటలను పొదుపు చేసిరి. మన యిండ్లలో పెద్దవారికి జ్ఞాపకముండును: పెండ్లికో పండుగకో శుభాకాంక్షలు పంపవలెనన్న తంతి కచ్చేరీలో అచ్చువేసిన వాక్యముల పట్టిక యుండెడిది, వాక్యమునకు బదులు దాని అంకె వ్రాసినచో అవతలి యూరిలో పూర్తి వాక్యమై చేరెడిది. 2013 జూలైలో తంతి సేవ నిలిచిపోవుటతో ఆ పట్టికయు పోయినది. శుభాకాంక్షలలో ఒక అంకె తప్పిన నవ్వుకొనవచ్చును. అగ్నిప్రమాదమున తప్పిన నవ్వుకొనుట కెవ్వరు నుండరు.

ఆకాశవాణి యంత్రము పోలీసు బండ్ల కెక్కినపుడు కొత్త చిక్కు వచ్చెను. అమెరికాలో ఇలినాయి రాష్ట్రపు పోలీసు శాఖకు చెందిన చార్లెస్ హాపర్ అనునాయన 1937 ప్రాంతమున 'పది' అను మాటతో మొదలగు అంకెల సంకేతములను కల్పించెను. పది-నాలుగు అనగా 'అందినది' అని యర్థము. ప్రతిదానికిని ముందు పది యేల? మీట నొక్కిన వెంటనే యంత్రము పూర్తిగా మేలుకొనదు; మొదటి మాట గాలిలో పోవును. పోయినను నష్టములేని మాట యొకటి ముందుంచిరి. ఇంత చిన్న ఉపాయమున ఎంత లోకజ్ఞాన మున్నదో చూడుడు.

వైర్‌లెస్సు మర్యాద లన్నియు ఇట్టి అవసరముల నుండి పుట్టినవే. ఒకరు మీట నొక్కి మాటలాడుచుండగా రెండవవారు వినవలసినదే గాని పలుకరాదు. కావున మాట ముగిసినదని తెలుపుటకు 'ఓవర్' అందురు. 'రోజర్' అనగా 'వింటిని' అని మాత్రమే. 'సరే, చేయుదును' అని కాదు. చలనచిత్రములలో కథానాయకుడు 'ఓవర్ అండ్ అవుట్' అనుచుండుటను వినుచున్నాము. 'నీ మాట కెదురుచూచుచున్నాను, ఇక వినను' అని ఒక్క ఊపిరిలో చెప్పినట్లగును. అంకెలను గుదిగ్రుచ్చి చెప్పరాదు, విడివిడిగా పలుకవలెను. మన భాషలో 'ఇరవై', 'అరవై' అనునవి గరగర శబ్దములో ఒక్కటే యగును. మరాఠీలో ఏబది తొమ్మిదికి 'ఏకోణసాఠ్', అరువది తొమ్మిదికి 'ఏకోణసత్తర్'. 'రెండు-సున్న', 'ఆరు-సున్న' అన్నచో ఏ గాలియు దానిని చెరుపజాలదు. అన్నిటికంటె ముఖ్యమైనది, విన్నవాడు విన్నదానిని తిరిగి చెప్పవలెను. ఈ ఒక్క విధి లేనిచో తక్కినవన్నియు అలంకారములే.

సంకేత మున్నను అది చేరు దారి లేకపోయిన నేమగునో 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవున తెలిసినది. పత్తితోను, ప్రేలుడు పదార్థములతోను నిండియున్న 'ఫోర్ట్ స్టికీన్' ఓడలో పొగ కనబడెను. అపాయకరమైన సరకున్నదని తెలుపు ఎఱ్ఱజెండా ఆ ఓడమీద ఎగురుట లేదు. ప్రమాదము పెద్దదని తెలుపు ప్రత్యేక సందేశమును టెలిఫోనులో పంపబోయి, అది కుదురక, అలారము పెట్టె అద్దమును పగులగొట్టిరని ఆనాటి వృత్తాంతము వ్రాసినవారు చెప్పుదురు. పగిలిన అద్దము 'రండి' యనును గాని 'ఎందరు రావలెను' అనదు. మొదట వచ్చినవి రెండు యంత్రములు. సాయంకాలము ప్రేలుడులలో అగ్నిమాపక దళమువారు 66 మంది అసువులు బాసిరి. ఏటేట ఏప్రిల్ 14న దేశమంతట అగ్నిమాపక దినము జరుపుకొనుట వారి స్మృత్యర్థమే.

ఇక మన గట్టునకు వత్తము. సిరొంచ ప్రాంతమునకు నిప్పుకంటె నీటి భయ మెక్కువ. పెన్‌గంగ, వార్ధా, వైన్‌గంగల నీరంతయు ప్రాణహితయై ఈ యూరి ప్రక్కగా పోవును. గోదావరి పరీవాహ ప్రదేశమున మూడవ వంతుకు పైగా దీనిదే. కావున ఇచటి నీటిమట్టము ఇచటివారికే కాదు, దిగువ నున్న భద్రాచలమునకును ప్రాణావసరము. కేంద్ర జల సంఘము 1958లో ఢిల్లీకడ యమునపై వరద సూచనల నారంభించి, క్రమముగా ఇతర నదులకు ఆ యేర్పాటును విస్తరింపజేసెను. ప్రాణహితపై టేకడా, గోదావరిపై కాళేశ్వరము, పేరూరు మొదలగు చోట్ల మట్టమును కొలుచువారు కలరు. కొలకఱ్ఱ చూచి, అంకె వ్రాసి, వైర్‌లెస్సులో చెప్పుట వారి పని. వానలో, చీకటిలో, ఏటి హోరులో చెప్పిన ఆ అంకెయే దిగువ జనుల నిద్రకు గాని మెలకువకు గాని కారణము.

భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. మా యెఱుకలో ఇంతకు మించిన సంకేతము లేదు. ఏ మాటకు ఏ పని చేయవలెనో ముందే యందరు నెఱిగియుందురు. 'మూడవ హెచ్చరిక' అన్నంతనే అర్థమును విడమరచి చెప్పవలసిన పని లేదు. ముసలివారిని, పశువులను మెరకకు చేర్చుటయే తరువాయి. 1986 ఆగస్టు 16న అచట నీరు 75.6 అడుగుల కెక్కెను. 2022 జూలై 16న 71.3 అడుగులు, ఆ వరదలో సిరొంచ తాలూకా పల్లెలును మునిగినవి. ఒకే నీరు ఇరుగట్ల నుండి పోయినను దానిని గూర్చిన వార్త రెండు రాష్ట్రముల కచ్చేరీలలో రెండు భాషలలో వ్రాయబడుచున్నది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ ఆనకట్టకు 85 తలుపులు. ఒక కొన తెలంగాణలో, రెండవ కొన సిరొంచ తాలూకాలోని పోచంపల్లికడ. ఇట్టిచోట తలుపుల వార్త గట్టు దాటి చేరుట మర్యాదకు సంబంధించిన విషయము కాదు, బ్రతుకునకు సంబంధించినది.

అంబులెన్సు కథ ఇంకను చిత్రమైనది. 1935 నవంబరులో లండనులో వింపోల్ వీథి ఇల్లొకటి అంటుకొని ఐదుగురు స్త్రీలు చనిపోయిరి. ఎదుటి యింటివాడు టెలిఫోను చేయగా, ఎక్స్చేంజీలో వరుసలో వేచియుండవలసి వచ్చెను. దాని ఫలితముగా 1937 జూన్ 30న 999 అను ప్రత్యేక సంఖ్య యేర్పడెను. మన దేశమున 100, 101, 102 అని వేరువేరు సంఖ్య లుండగా, 2005 ఆగస్టు 15న హైదరాబాదున 108 సేవ మొదలైనది. జపమాలలోని పూసల సంఖ్య యగుటచే అవ్వలకును నోట నిలిచినది. మహారాష్ట్రమున 2014లో 937 బండ్లతో ఇదే సంఖ్య వచ్చెను. 112 అను సర్వసామాన్య సంఖ్య 2019 నుండి పెక్కు రాష్ట్రముల కందినది.

సంఖ్య ఒక్కటే, వినుచెవులు రెండు. మహారాష్ట్రపు 108 కేంద్రము పుణేలో, తెలంగాణది హైదరాబాదు శివారున కలవు. నది యొడ్డున సెల్‌ఫోను ఏ గట్టు స్తంభమును పట్టుకొన్న పిలుపు ఆ రాష్ట్రమునకు పోవుట కద్దు. సిరొంచ నుండి జిల్లా కేంద్రమైన గడ్చిరోలి 200 కిలోమీటర్లకు పైబడిన అడవిదారి. వంతెన దాటిన మంచిర్యాల గాని భూపాలపల్లి గాని అంతకంటె చాల దగ్గర. ప్రాణహితపైనను, గోదావరిపైనను వంతెనలు వెలసిన పిమ్మట రోగులు తెలంగాణ ఆసుపత్రులకే పోవుట సహజము. దారి ఏర్పడినది, మాట ఇంకను ఏర్పడలేదు.

మాటల చిక్కు లెట్టివో వినుడు. మరాఠీలో 'ఆగ్' అనగా నిప్పు. మనకు 'ఆగు' అనగా నిలువుమని. వారికి 'కాల్' అనగా నిన్న. హిందీలో 'కల్' నిన్నయు కావచ్చును, రేపును కావచ్చును. మనకు 'కాలు' శరీరమున నొక భాగము, 'కాలుట' మండుట. పట్టపగలు ఎదురెదుట నిలిచి మాటలాడువారి కివి వినోదములు. అర్ధరాత్రి రోదనల నడుమ పుణేలో వినువానికి వినోదము కాదు. కట్లపామును వారు 'మణ్యార్' అందురు, రక్తపింజరను 'ఘోణస్' అందురు. ఒక్కమాట: మన దేశపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న రక్తపింజర యను నాలుగింటికి కలిపి చేసినది. కావున పాము పేరు కొఱకు కాలము వృథా చేయక, కనురెప్పలు వాలుచున్నవా, ఊపిరి ఆడుచున్నదా, కాటుచోట నెత్తు రాగకున్నదా అని అడుగుట మేలు. మంచి విధి పేర్ల నడుగదు, కనబడు గుర్తుల నడుగును. ఆ గుర్తులను ఏ భాషవాడైనను చెప్పగలడు. మాడియా మాటలాడు అడవిపల్లెల వారికి మన రెండు భాషలును పరభాషలే యని మరువరాదు.

ఊరి పేరు మరియొక గండము. వెంకటాపూరు గడ్చిరోలి దక్షిణ భాగమున కలదు. తెలంగాణలోను ఆ పేరి యూళ్లు లెక్కలేనన్ని. ఉపగ్రహము చూపిన అడవిమంటల వార్తను 2004 నుండి భారత అటవీ సర్వేక్షణ సంస్థ అక్షాంశ రేఖాంశములతో అటవీ శాఖలకు పంపుచున్నది. ఆ అంకెలకు భాష లేదు. ఫోనెత్తిన రైతు అక్షాంశము చెప్పలేడు. వాడు చెప్పగలిగినది గట్టు, వాగు, గుడి, బడి.

అమెరికావారు పది-అంకెల సంకేతములను చాలవరకు విడిచి, పలు శాఖలు కలిసి పనిచేయు సందర్భములలో సాదా మాటలనే వాడవలెనని 2006 నుండి నియమము చేసికొనిరి. ఊరికొక అర్థముగ అంకెలు మారుటయే దానికి కారణము. అందరిది ఒకే భాష యైనచో సాదామాట చాలును. సిరొంచ వంటి చోట సాదామాట యేది? మాకు తోచినంతలో ముప్పది నలుబది మాటల చిన్న పట్టిక చాలును: నిప్పు, నీరు, పాము, పురుడు, పడవ, ఊపిరి లేదు, రక్తము పోవుచున్నది. ప్రతి మాటకును మరాఠీ, తెలుగు, గోండీ రూపములు ప్రక్కప్రక్కన నుండవలెను. దానికి తోడు ఊళ్ల పట్టిక. ప్రతి యూరికి రాష్ట్రము, తాలూకా, నది, ఏ గట్టు అను నాలుగు గుర్తులు. పుణేలోను, హైదరాబాదులోను అదే పట్టిక బల్లమీద నుండవలెను. దీనికి ధనము కంటె రెండు భాషలు వచ్చినవారు కావలెను, వారు మన కుటుంబములలో ఇంటికొక రున్నారు. బడిలో మరాఠీ, ఇంట తెలుగు నేర్చిన పిల్లలు ఆ పట్టికను వ్రాయుటకు తగినవారు.

అందాక పిలుచువారు మొదట రాష్ట్రము, పిదప జిల్లా, తాలూకా, ఊరు, గట్టు చెప్పి, ఆ పిమ్మటనే కష్టము చెప్పుట మంచిది. మధ్యలో ఫోను తెగినను బండి బయలుదేరుటకు చోటు తెలిసియుండును. విన్నవారిచేత ఊరి పేరు ఒకమారు తిరిగి చెప్పించుకొనవలెను. 'మహారాష్ట్ర, గడ్చిరోలి, సిరొంచ తాలూకా, అంకీసా, గోదావరి ఎడమగట్టు' - ఇది పలుకుటకు పది క్షణములు పట్టదు.