గోదావరి ఆనకట్ట – పనివారి లెక్క

గోదావరి డెల్టా ప్రజలు సర్ ఆర్థరు కాటను దొరను నేటికిని భక్తితో స్మరింతురు. అది న్యాయమే. అయితే అంతటి నిర్మాణము ఎంత కొద్దిమంది అధికారులతో, ఎందరు శ్రామికుల చెమటతో సాగినదో తెలిసికొనుట కూడ మన విధి.

కరవులు, వరదలు, తుపానులు పీడించుటచే రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1821లో 7,38,308 ఉండగా 1841 నాటికి 5,61,041కి దిగజారెను. ఆ కాలమున చెన్నపట్టణపు ప్రభుత్వమువారి మరామతు పనులు ఒక చేతిక్రింద లేవు. చెరువులు, కాలువలు రెవిన్యూ బోర్డుకు, సైనిక కట్టడములు మిలిటరీ బోర్డుకు, ముఖ్యమైన బాటలు వేరొక అధికారికి చెందియుండెను. ఒక్కొక్క ఇంజినీరు కొన్ని జిల్లాల భారమును మోయవలసియుండెను. చెరువుగట్టు తెగినను అంచనా పట్టణమునకు పోయి, మంజూరై తిరిగి రావలెను.

1846 చివర ఆనకట్టకు అనుమతి లభించెను. కాటను ఆరుగురు ఇంజినీరులను, ఎనమండుగురు చిన్న అధికారులను కోరెను. లభించినది పని నేర్పవలసిన యువకుడొకడు, అప్రెంటిసులు ఇద్దరు, కొందరు సర్వేయర్లు మాత్రమే!

1847లో పని మొదలయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ, రెండుమైళ్లకు మించిన నిడివిని కట్టవలెను. వరద తీసిన పిమ్మట మరల వరద వచ్చులోగా సాగినదే పని. రాయి తీయించుట, సున్నము కాల్చించుట, ఇటుకలు చేయించుట, పడవలు నడిపించుట, కూలి లెక్కలు చూచుట – అన్నియు ఆ కొద్దిమంది నెత్తినే పడెను. 1848లో కాటను ఆరోగ్యము చెడి సెలవుపై పోగా, కెప్టెను ఆర్ ఆ భారమును మోసెను. 1850లో కాటను తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియైనది.

అధికారులు తక్కువైనను పని ఆగలేదు. తొలిదినములలోనే సుమారు పదివేలమంది కూలీలు చేరిరి. కమ్మరులు, వడ్రంగులు వందలకొలది వచ్చిరి. కూలీలను సమకూర్చి, వారిచే పని చేయించుటలో కాటనుకు కుడిభుజముగ నిలిచినవాడు సబ్ ఓవర్సీయరు వీణెం వీరన్నగారు. ఆయనకు రాయ్ బహదూర్ బిరుదము లభించెను. ఆయన 1867లో పరమపదించెను. తక్కిన వేలమంది పేర్లు ఏ ఫలకముపైనను లేవు.

ఆనకట్ట పూర్తియైన 1852లోనే మరామతు పనులను విచారించిన కమిషను, పలుచేతుల పాలనలోని లోపములను బయలుపరచెను. పిదప ఆ దశాబ్దములోనే మరామతు శాఖ చీఫ్ ఇంజినీరు క్రింద క్రొత్తగ ఏర్పడెను. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు మొదలు ఓవర్సీయరు వరకు అంచెలు ఏర్పడెను. అన్నింటి అడుగున, రేయింబవళ్లు తూము కాచి, గట్టు తిరిగి, నీటిమట్టము చూచినవాడు లస్కరు. వాని జాగ్రత్త లేనిచో పై కాగితములలోని అంచనాలు పొలమునకు చేరవు.

పాత ఆనకట్ట స్థానమున నేడు కాటను పేర క్రొత్త బ్యారేజి నిలిచియున్నది. దానిని చూడబోవువారు దొరకు నమస్కరింతురు గాక. తమ తాతముత్తాతలలో ఎవరేని ఆ రాళ్లు మోసిరేమో ఇంటి పెద్దలను అడిగి, ఆ పేర్లు వ్రాసి ఉంచుదురు గాక. అట్టి వ్రాతలకు గ్రంథాలయమును మించిన చోటు లేదు.