కోబాలమిన్: గని దయ్యం పేరున్న విటమిన్

జర్మనీలోని సాక్సనీ గనుల్లో ఒక రాయి పనివాళ్లను ఏడిపించేది. వెండి కోసం కొలిమిలో పెడితే వెండి రాదు సరికదా, ఆర్సెనిక్ పొగ ప్రాణాల మీదికి తెచ్చేది. ఇది గనిలో తిరిగే 'కోబోల్డ్' అనే దయ్యం పనేనని తిట్టుకున్నారు. ఆ తిట్టే కోబాల్ట్ అయింది. 1948లో ఎర్రటి స్ఫటికాలుగా చేతికందిన విటమిన్ బి12 అణువులో ఈ లోహమే కనబడింది, అందుకే కోబాలమిన్.

ఈ విటమిన్‌ను తయారుచేసేది సూక్ష్మజీవులే, మొక్కలు కావు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. అవీ మానేస్తే మాత్ర తప్పదు. రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములే. అదీ కరవైతే రక్తహీనత, అరికాళ్లలో తిమ్మిర్లు. పెద్దవాళ్ల తిమ్మిర్లను వయసు మీదికి నెట్టేస్తుంటే బాధనిపిస్తుంది. బి12 లోపంతో వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం కుదుటపడినట్టు కనిపిస్తుంది గానీ, నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది.