ఈఎఫ్ఎల్ ట్రోఫీ ఫైనల్

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మూడో అంచె, నాలుగో అంచె క్లబ్బుల కోసం ఏటా జరిగే నాకౌట్ పోటీ ఈఎఫ్ఎల్ ట్రోఫీ. ప్రీమియర్ లీగ్, ఛాంపియన్‌షిప్‌ల కింద ఉండే లీగ్ వన్, లీగ్ టూలకు చెందిన 48 క్లబ్బులు ఇందులో ఆడతాయి. ఈ క్లబ్బులకు ఎఫ్ఏ కప్, లీగ్ కప్‌లలో కూడా ప్రవేశం ఉంది. కానీ అక్కడ పెద్ద క్లబ్బులను దాటుకుని ఫైనల్ చేరడం ఎప్పుడో గానీ జరగదు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఒక కప్పు కోసం ఆడే అవకాశం వీటికి దాదాపుగా ఈ ట్రోఫీ వల్లనే వస్తుంది. తొలి రౌండ్లలో స్టేడియాలు వెలవెలబోతాయి. ఫైనల్‌కు మాత్రం కొన్నిసార్లు ఎనభై వేల మంది కూడా వచ్చారు. అందుకే దీని చరిత్రలో చెప్పుకోదగ్గదంతా ఫైనల్ చుట్టూనే ఉంటుంది.

పోటీ 1983–84లో 'అసోసియేట్ మెంబర్స్ కప్' పేరుతో మొదలైంది. అప్పట్లో మూడు, నాలుగు డివిజన్ల క్లబ్బులకు ఫుట్‌బాల్ లీగ్‌లో పూర్తి సభ్యత్వం ఉండేది కాదు, ఆ పేరు అలా వచ్చింది. తొలి ఫైనల్‌ను వెంబ్లీలోనే జరపాలనుకున్నారు. అయితే అక్కడ పెట్టిన గుర్రాల ప్రదర్శన మైదానాన్ని పాడుచేయడంతో మ్యాచ్‌ను హల్ నగరంలోని బూత్‌ఫెరీ పార్క్‌కు మార్చారు. సొంత మైదానం కలిసొచ్చినా హల్ సిటీ నెగ్గలేకపోయింది. 1984 మే 24న హ్యారీ రెడ్‌నాప్ మేనేజర్‌గా ఉన్న బోర్న్‌మత్ 2–1తో గెలిచింది. మరుసటి ఏడు ఫైనల్ వెంబ్లీకి చేరింది, విగన్ అథ్లెటిక్ 3–1తో బ్రెంట్‌ఫర్డ్‌ను ఓడించింది. అప్పటి నుంచి పేరు స్పాన్సర్లదే. వ్యాన్ల కంపెనీలు, కారు అద్దాలు బిగించేవాళ్లు, రంగుల కంపెనీ, పిజ్జా కంపెనీ వంతులవారీగా ఈ కప్పుకు తమ పేరు పెట్టుకున్నాయి.

పోటీకి గౌరవం తెచ్చింది 1988 ఫైనల్. వుల్వర్‌హాంప్టన్, బర్న్‌లీ రెండూ 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను స్థాపించిన పన్నెండు క్లబ్బుల్లోవి. వుల్వ్స్ 1950లలో మూడుసార్లు, బర్న్‌లీ 1960లో దేశ ఛాంపియన్లు. సరిగ్గా లీగ్‌కు నూరేళ్లు నిండిన ఏడాది రెండూ నాలుగో డివిజన్‌లో ఉన్నాయి. అంతకు ముందు సీజన్‌లో బర్న్‌లీ చివరి రోజు మ్యాచ్ గెలిచి, లీగ్ నుంచే వెళ్లిపోయే గండం తప్పించుకుంది. అలాంటి రెండు క్లబ్బుల పోరు చూడటానికి 80,841 మంది వచ్చారు. ఆండీ మచ్, రాబీ డెనిసన్ చెరో గోలు కొట్టగా వుల్వ్స్ 2–0తో నెగ్గింది. చితికిన జమీందారీ కుటుంబాల పెళ్లిలా, హోదా పోయినా బంధుబలగం తగ్గలేదు.

1995 ఫైనల్ మరో రకంగా చరిత్రకెక్కింది. బర్మింగ్‌హామ్ సిటీ, కార్లైల్ యునైటెడ్ మధ్య తొంభై నిమిషాల్లో గోలు పడలేదు. అదనపు సమయంలో ఎవరు ముందు గోలు కొడితే వారిదే గెలుపు అన్న కొత్త నిబంధన అప్పటికి అమల్లో ఉంది. 103వ నిమిషంలో పాల్ టెయిట్ తలతో గోలు కొట్టడంతో మ్యాచ్ అక్కడికక్కడే ముగిసింది. వెంబ్లీలో ఒక ఫైనల్ ఇలా తేలడం అదే మొదటిసారి. ఆ ఆనందంలో టెయిట్ జెర్సీ పైకెత్తాడు. లోపలి టీషర్టు మీద నగరంలోని ప్రత్యర్థి ఆస్టన్ విల్లాను బూతుతో తిట్టిన రాత కనిపించింది. దానికి జరిమానా పడింది. పాపం, ఓడిన కార్లైల్‌కు ఈ కప్పుతో బంధం చాలా గట్టిది: 2011 నాటికి ఆరుసార్లు ఫైనల్ చేరి, రెండుసార్లే గెలిచింది.

వెంబ్లీ పునర్నిర్మాణంలో ఉండగా 2001 నుంచి 2007 వరకు ఫైనళ్లు కార్డిఫ్‌లోని మిలీనియం స్టేడియంలో జరిగాయి. తిరిగి వెంబ్లీకి వచ్చాక 2009లో లూటన్ టౌన్ గెలిచిన తీరు విచిత్రం. ఆర్థిక అవకతవకల కారణంగా ఆ జట్టు సీజన్‌ను మైనస్ 30 పాయింట్లతో మొదలుపెట్టింది. స్కంతోర్ప్‌పై అదనపు సమయంలో 3–2తో కప్పు గెలిచి, అదే సీజన్‌లో లీగ్ నుంచి కిందికి జారిపోయింది. కాబట్టి గెలిచిన కప్పును నిలబెట్టుకునేందుకు మరుసటి ఏడు బరిలోకే దిగలేకపోయింది.

2016లో ప్రీమియర్ లీగ్ వంటి పై స్థాయి క్లబ్బుల అండర్–21 జట్లను చేర్చుకోవడం పెద్ద దుమారమే రేపింది. తమ పోటీని పెద్దవాళ్ల కుర్రాళ్ల సాధనకు అప్పజెప్పారని అభిమానులు బహిష్కరణకు దిగారు. ప్రధాన ఆటగాళ్లు కొందరినైనా దింపాలన్న నిబంధనను దాటడానికి క్లబ్బులు ఉపాయాలు వెతికాయి. బ్రాడ్‌ఫర్డ్ సిటీ తన ప్రధాన గోల్‌కీపర్ కోలిన్ డోయల్‌ను ఆడించినట్టే ఆడించి మూడు నిమిషాలకే వెనక్కి పిలిచింది. జట్లను మరీ మార్చేసినందుకు జరిమానా కట్టిన వాటిలో పోర్ట్స్‌మత్ ఒకటి. అదే పోర్ట్స్‌మత్ 2019లో సండర్లాండ్‌తో ఫైనల్ ఆడితే 85,021 మంది వచ్చి 1988 నాటి రికార్డును చెరిపేశారు. 2–2 వద్ద ఆగిన ఆ మ్యాచ్‌ను పోర్ట్స్‌మత్ పెనాల్టీల్లో 5–4తో గెలిచింది. తరవాతి ఫైనల్ కోవిడ్ వల్ల 2021 మార్చి 13కి వాయిదా పడి, ప్రేక్షకులు లేకుండా జరిగింది. అందులో పోర్ట్స్‌మత్‌ను సాల్ఫర్డ్ సిటీ పెనాల్టీల్లో ఓడించింది. మర్నాడే, అదే ఖాళీ స్టేడియంలో సండర్లాండ్ 2021 కప్పు అందుకుంది.

మూడు విజయాలతో బ్రిస్టల్ సిటీ (1986, 2003, 2015) చాలాకాలం ముందుంది. 2014లో గెలిచిన పీటర్‌బరో యునైటెడ్ 2024, 2025లలోనూ గెలిచి దాని సరసన చేరింది. ఈ కప్పును నిలబెట్టుకున్న మొదటి జట్టు కూడా అదే. 2025లో అది 2–0తో ఓడించిన బర్మింగ్‌హామ్ సిటీ, ఆ సీజన్‌లో 111 పాయింట్లతో లీగ్ వన్ విజేత.