మెల్లకన్నుకు మందైన విషం

మా చక్రాయపేట ప్రాంతంలో మెల్లకన్నును అదృష్టమనే పెద్దలను చాలామందిని ఎరుగుదును. నేను తెలుగు పంతులుగా చేరిన తొలినాళ్ళలో ఆరవ తరగతి బాలిక ఒకతెకు కుడికన్ను ముక్కువైపునకు తిరిగి ఉండేది. తల్లి వచ్చి అడిగితే "పెద్దయితే అదే సర్దుకుంటుందిలేమ్మా" అన్నాను. తిరిగిన కంటిని మెదడు క్రమంగా విస్మరిస్తుందనీ, పసితనంలోనే పట్టించుకోకపోతే ఆ చూపు మందగించి అలాగే నిలిచిపోవచ్చుననీ నాకు తెలియదు. మెల్లకంటివానిని అమరకోశం కేకరుడంటుందని మాత్రం తెలుసు!

బొటాక్స్ అనగానే నేడు సినిమాతారల ముఖాలు గుర్తుకొస్తాయి గాని, ఆ మందు తొలుత వైద్యంలో కుదురుకొన్నది కంటికోసమే. 1839లో బెర్లినులో డీఫెన్‌బాఖ్ కంటికండరాన్ని కోసి మెల్లను సరిచేశాడు. కత్తి బదులు సూదితో ఆ కండరాన్ని సడలించలేమా అని శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు ఆలన్ స్కాట్ ఆలోచించాడు. కోతులపై చేసి 1973లో ప్రకటించిన ప్రయోగాల్లో ఆయన పరీక్షించినవాటిలో కట్లపాము జాతి విషం నుంచి తీసిన ఆల్ఫా బంగారోటాక్సిన్ ఒకటి. ఆ పేరులోని బంగారం మనదే. విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్, 1796 నాటి తన సర్పగ్రంథంలో తెలుగువారి 'బంగారు పాము'ను ఆ పేరుతోనే ఎక్కించాడు. అదే శాస్త్రవేత్తల నోట 'బంగారస్' అయింది. తెలుగు పంతులును గనుక ఇక్కడ ఆగక తప్పలేదు.

నెగ్గింది మాత్రం పాము కాదు, చెడిన మాంసంలో పెరిగే సూక్ష్మజీవి విషం. ఇది మందు కాగలదని 1822లోనే ఊహించినవాడు జర్మను వైద్యుడు కెర్నర్. ఆయన కవి కూడా. నాడి కొసన ఎసిటైల్‌కొలిన్ విడుదలను ఈ విషం ఆపుతుంది. కంటిని ముక్కువైపు లాగే కండరం కొన్నాళ్ళు సడలుతుంది, ఆ వ్యవధిలో బయటి కండరం బిగుస్తుంది. మందు ప్రభావం తీరేలోగా రెండు కళ్ళూ కలిసి చూడడం అలవాటైతే కన్ను నేరుగా నిలవవచ్చు. లేదా మళ్ళీ సూది, కాకుంటే శస్త్రచికిత్స. స్కాట్ తన రోగుల ఫలితాలను 1980లో ప్రకటించాడు. 1989 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం 12 ఏళ్ళు, ఆపై వయసువారి మెల్లకు 'ఆక్యులినం' పేర అనుమతించింది. బొటాక్స్ అన్న పేరు తరువాతిది.

చాలా ఏళ్ళకు ఆ బాలిక, తల్లియై, చంకలో కొడుకుతో మా ఇంటికి వచ్చింది. వాడికీ అదే మెల్ల. ఈసారి సర్దుకుంటుందిలే అనలేదు. ఆ వారమే హైదరాబాదు బండి ఎక్కించాను. అక్కడ పరీక్షించి, మత్తిచ్చి, రెండు కళ్ళకూ సూది వేశారు. వారం తిరగకముందే ఫోను: "అయ్యవారూ, ఎడమరెప్ప వాలిపోయింది, కన్ను పోతుందేమో!" మందు పక్కకండరానికి పాకితే అలా కావచ్చుననీ, మళ్ళీ లేస్తుందనీ వైద్యులు ముందే చెప్పారట, భయంలో ఆమెకు గుర్తులేదు. నాకూ నిద్రపట్టలేదు. రెప్ప లేవడానికి అయిదు వారాలు పట్టింది. అన్నాళ్ళూ ప్రతి సాయంత్రం ఫోను చేశాను.