పీట్ రోజ్: హాల్ ఆఫ్ ఫేమ్ వివాదం

పీట్ రోజ్ (1941–2024) అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ హిట్లు కొట్టిన ఆటగాడు. తాను మేనేజర్‌గా ఉన్న జట్టు మ్యాచ్‌ల మీదే పందేలు కాసినందుకు 1989లో శాశ్వత బహిష్కరణకు గురయ్యాడు. అతని 4,256 హిట్ల రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అయినా న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరిట ఫలకం లేదు. ఆ గౌరవానికి రోజ్ అర్హుడా కాడా అన్న వాదన మూడున్నర దశాబ్దాలుగా సాగుతూనే ఉంది.

సిన్సినాటిలో పుట్టిన రోజ్ 1963లో సొంత ఊరి జట్టు రెడ్స్ తరఫున మేజర్ లీగ్‌లో ఆడడం మొదలుపెట్టాడు. ఒళ్లు దాచుకోని ఆట అతనిది. బౌలింగ్ గురి తప్పి బ్యాటర్‌కు మొదటి బేస్ ఊరికే దక్కినప్పుడు ఎవరైనా తాపీగా నడిచి వెళ్తారు. రోజ్ అప్పుడు కూడా పరుగెత్తేవాడు. రెడ్స్‌తో 1975, 1976లలో, ఫిలడెల్ఫియా ఫిలీస్‌తో 1980లో వరల్డ్ సిరీస్ గెలిచాడు. 1978లో వరసగా 44 మ్యాచ్‌ల్లో హిట్ సాధించాడు. 1985 సెప్టెంబర్ 11న టై కాబ్ పేరిట ఉన్న 4,191 హిట్ల రికార్డును దాటినప్పుడు సిన్సినాటి స్టేడియంలో చప్పట్లు నిమిషాల తరబడి ఆగలేదు. మొదటి బేస్ దగ్గర నిలబడి రోజ్ ఏడ్చేశాడు.

అప్పటికే అతను ఆడుతూనే రెడ్స్ మేనేజర్ బాధ్యతలూ చూస్తున్నాడు. 1989లో న్యాయవాది జాన్ డౌడ్ దర్యాప్తు జరిపి 225 పేజీల నివేదిక ఇచ్చాడు. ఒక్క 1987లోనే రెడ్స్ ఆడిన 52 మ్యాచ్‌ల మీద రోజ్ పందెం కాశాడని అందులో ఉంది. ఆగస్టు 24న కమిషనర్ బార్ట్ జియామట్టి బహిష్కరణ ప్రకటించాడు. మరుసటి ఏడాది, ఆదాయపు పన్ను లెక్కలు తప్పుగా చూపిన కేసులో రోజ్ అయిదు నెలల జైలుశిక్ష అనుభవించాడు. నిషేధితుల పేర్లు ఓటింగ్‌కు రాకూడదని హాల్ ఆఫ్ ఫేమ్ 1991లో నిబంధన పెట్టడంతో ఆ గౌరవానికి దారీ మూసుకుపోయింది.

గెలుస్తామనే పందెం కాశాడు తప్ప ఓడిపోతామని ఎన్నడూ కాయలేదు కదా అన్నది అభిమానుల ప్రధాన వాదన. సొంత జట్టుకు వ్యతిరేకంగా పందెం కాసినట్టు డౌడ్‌కు ఆధారం దొరకని మాట నిజమే. కానీ ఈ వాదన నిలవదు. మేనేజర్ ఒక రోజు పందెం కాసి మర్నాడు మానేశాడంటే, జట్టు మీద అతనికి నమ్మకం ఏ రోజు తగ్గిందో బుకీలకు తెలిసిపోతుంది. డబ్బు పెట్టిన రోజు గెలుపు కోసం, అలసిన బౌలర్‌కు విశ్రాంతి ఇవ్వకుండా మళ్లీ దింపాలన్న ఆశ పుడుతుంది. బుకీలకు బాకీ పడితే జుట్టు వాళ్ల చేతికి చిక్కినట్టే. 1919 వరల్డ్ సిరీస్‌ను జూదరులకు అమ్ముకున్నారని ఎనిమిది మంది చికాగో ఆటగాళ్లను వెలివేసిన నాటి నుంచి బేస్‌బాల్ ఆటపై పందేలను క్షమించరాని నేరంగానే చూస్తోంది. పందేల నిషేధ నిబంధన ప్రతి జట్టు గదిలోనూ గోడ మీద కనిపిస్తుంది. రోజ్ తెలియక చేశాడనడానికి వీల్లేదు.

ఆటగాడిగా సాధించిన ఘనతను మేనేజర్‌గా చేసిన తప్పు తుడిచేయకూడదన్నది ఇంతకన్నా బలమైన వాదన. అయితే 1986లో, ఇంకా ఆడుతున్న రోజుల్లోనే, పందేలు కాసినట్టు చూపే నోటుపుస్తకం 2015లో బయటపడ్డాక ఆ గీత కూడా చెరిగింది. పైగా దాదాపు 15 ఏళ్లు బుకాయించి, 2004లో ఆత్మకథ అమ్మకానికి వచ్చిన వేళ నిజం ఒప్పుకోవడం పశ్చాత్తాపంలా కనిపించలేదు. 1970లలో, తనకు 16 ఏళ్లు నిండకముందే, రోజ్ తనతో లైంగిక సంబంధం పెట్టుకున్నాడని ఒక మహిళ ఇచ్చిన ప్రమాణపూర్వక వాంగ్మూలం 2017లో వెలుగులోకి వచ్చింది. ఆమెకు 16 ఏళ్లని అనుకున్నానని రోజ్ చెప్పాడు. ఎంపికలో నిజాయితీని, శీలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని హాల్ నిబంధనలే చెబుతున్నప్పుడు దీన్ని పక్కన పెట్టలేం.

అలాగని పేరే ఓటింగ్‌కు రానివ్వకపోవడం కూడా న్యాయం కాదు. ఉత్ప్రేరకాలు వాడారన్న ఆరోపణలున్న బారీ బాండ్స్, రోజర్ క్లెమెన్స్‌ల పేర్లు పదేళ్లు బ్యాలట్‌లో ఉన్నాయి. ఓటర్లే వారిని కాదన్నారు. రోజ్ విషయంలో ఆ అవకాశం అతను చనిపోయాకే వచ్చింది. మరణంతో నిషేధం ముగిసినట్టేనని కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ 2025 మే 13న ప్రకటించడంతో రోజ్‌తో పాటు, 1919 సిరీస్ వ్యవహారంలో వెలికి గురైన జో జాక్సన్ పేరు కూడా నిషేధితుల జాబితా నుంచి తొలగింది. ఇది అర్హతను తిరిగి ఇచ్చిందే తప్ప గౌరవాన్ని కాదు. రోజ్ బ్యాట్లు, ఇతర వస్తువులు కూపర్స్‌టౌన్ మ్యూజియంలో ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి చరిత్రలో అతని చోటుకు లోటు లేదు. తేలాల్సింది ఫలకం ఒక్కటే. ఒకవేళ దాన్ని పెడితే 4,256 అంకె పక్కనే 1989 బహిష్కరణనూ చెక్కాలి. పాతతరం ఆటగాళ్లను పరిశీలించే 16 మంది సభ్యుల కమిటీ 2027 డిసెంబర్‌లో సమావేశమవుతుంది. ఎన్నిక కావాలంటే అందులో 12 ఓట్లు రావాలి.