ఖాకీ నుంచి శాసనసభకు: విశాఖలో జరిగిన పరీక్ష

విశాఖపట్నం ఆధునిక చరిత్రలో పోలీసు అధికారి, ప్రజాప్రతినిధి చాలాకాలం ఎదురెదురుగానే కనిపిస్తారు. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన ఈ ఊళ్లో, 1966 నవంబరు 1న ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమించిన జనంపై పోలీసులు కాల్పులు జరపగా, అదే కోరికపై రాష్ట్రంలో పలువురు శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు. 1983లో నగరానికి కమిషనరేట్ వచ్చింది. మామూలు జిల్లాలో కలెక్టరు, తహసీల్దారుల చేతుల్లో ఉండే కొన్ని మేజిస్ట్రేటు అధికారాలను పోలీసు కమిషనరుకే అప్పగించే ఈ ఏర్పాటుతో, నిషేధాజ్ఞలు పెట్టాలన్నా ఎత్తివేయాలన్నా ఆ కార్యాలయమే నిర్ణయించసాగింది. అటువంటి నగరంలో ఖాకీ వదిలిన అధికారి ఒకరు 2019లో ఓట్లడగడానికి రావడం విశేషంగా తోచిందంటే ఆశ్చర్యం లేదు.

ఈ దారిలో మొదటి గడప చట్టమే. రాజ్యాంగంలోని 191వ అధికరణం ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో, అంటే జీతభత్యాలు వచ్చే కొలువులో ఉన్నవారు శాసనసభకు పోటీ చేయడానికి అనర్హులు. పార్లమెంటు విషయంలో ఇదే నిబంధన 102వ అధికరణంలో ఉంది. కాబట్టి అధికారి ముందుగా పదవీ విరమణ చేయాలి, లేదా స్వచ్ఛంద విరమణకు దరఖాస్తు పెట్టుకుని ప్రభుత్వ ఆమోదం పొందాలి. ఆ ఆమోదం ఆలస్యమైతే ఏమవుతుందో 2019లో హిందూపురం లోక్‌సభ స్థానానికి పోటీ చేసిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోరంట్ల మాధవ్ ఉదంతం చూపింది. విధుల నుంచి విడుదల చేసే ఉత్తర్వు సకాలంలో రాక, ఆయన పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాల్సి వచ్చింది.

శాసనసభ వరకు చేరిన తెలుగు పోలీసు అధికారుల్లో కె. విజయరామారావు జీవితం అన్నిటికంటే నిండైన ఉదాహరణ. ఏటూరునాగారం ప్రాంతంలో పుట్టి, 1959లో ఐపీఎస్‌కు ఎంపికై, హైదరాబాదు పోలీసు కమిషనరుగా పనిచేసిన ఆయన, 1993 నుంచి 1996 దాకా కేంద్ర దర్యాప్తు సంస్థ సీబీఐకి డైరెక్టరుగా ఉన్నారు. రాజకీయ నాయకులకు అక్రమంగా డబ్బు చేరిందన్న ఆరోపణలతో దేశాన్ని కుదిపిన జైన్ హవాలా కేసు ఆ కాలానిదే. 1999లో తెలుగుదేశం అభ్యర్థిగా, రాష్ట్రంలోని అతిపెద్ద నియోజకవర్గాల్లో ఒకటైన ఖైరతాబాదులో పి. జనార్దనరెడ్డిని ఓడించి, చంద్రబాబు నాయుడు మంత్రివర్గంలో రోడ్లు, భవనాల శాఖ చేపట్టారు. 2004లో అదే ప్రత్యర్థి చేతిలో ఓడిపోయారు. మొదటి ఎన్నికలో ఆయన వెంట పేరుప్రతిష్ఠలతో పాటు పార్టీ గాలి కూడా ఉండేది; రెండోసారి పేరు అలాగే ఉన్నా గాలి తిరిగింది. తరువాతి తరంలోనూ ఇదే వరస. 2019లో హిందూపురం శాసనసభ స్థానంలో ఓడిన మాజీ ఐపీఎస్ ఇక్బాల్‌ను వైఎస్సార్ కాంగ్రెస్ శాసనమండలికి పంపింది. 2023లో వర్ధన్నపేటలో మాజీ పోలీసు కమిషనరు కె.ఆర్. నాగరాజు గెలిచినది కాంగ్రెస్ అధికారంలోకి వచ్చిన ఎన్నికలోనే.

పెద్ద పార్టీ అండ లేకుండా పేరు ఎంతదూరం నడుస్తుందన్నది విశాఖలోనే తేలింది. మహారాష్ట్ర కేడర్‌కు చెందిన 1990 బ్యాచ్ ఐపీఎస్ అధికారి వి.వి. లక్ష్మీనారాయణ హైదరాబాదులో సీబీఐ జాయింట్ డైరెక్టరుగా సత్యం కంప్యూటర్స్, ఓబుళాపురం గనులు, జగన్‌మోహన్‌రెడ్డి ఆస్తుల కేసుల దర్యాప్తును నడిపించినందువల్ల, జేడీ అన్న హోదా ఆయనకు ఇంటిపేరులా అంటుకుపోయింది. 2018లో స్వచ్ఛంద విరమణ తీసుకుని, మరుసటి ఏడాది జనసేన తరఫున విశాఖ లోక్‌సభ స్థానానికి నిలబడి, చేయబోయే పనులను బాండ్ పేపరు మీద రాసి ఓటర్ల ముందుంచారు. మాట తప్పితే కోర్టుకీడ్చమనే ఈ పద్ధతిలో, హామీని కూడా సాక్ష్యపత్రంగా చూసే దర్యాప్తు అధికారి మనస్తత్వం కనిపిస్తుంది. ప్రచార సభల్లో పూలదండల మధ్య ఊదరగొట్టే మాటల కంటే అది కొంత నయమే. సీపీఐ, సీపీఎం, బీఎస్పీల పొత్తుతో బరిలో నిలిచిన ఆయనకు 2.88 లక్షలకు పైగా ఓట్లు వచ్చినా మూడో స్థానమే దక్కింది. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఎం.వి.వి. సత్యనారాయణ తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్‌పై 4,414 ఓట్ల తేడాతో గెలిచారు.

2020లో జనసేనను వీడిన లక్ష్మీనారాయణ, కేంద్రం 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక, దానిపై హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేశారు. అదే సమస్యపై విశాఖ ఉత్తర శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు రాజీనామా చేశారు, కానీ అది 2024 జనవరి దాకా ఆమోదానికి నోచుకోలేదు. ఆ ఏడాది ఎన్నికల్లో లక్ష్మీనారాయణ తాను స్థాపించిన జై భారత్ నేషనల్ పార్టీ తరఫున అదే విశాఖ ఉత్తరం నుంచి శాసనసభకు పోటీ చేసి కొన్ని వేల ఓట్లకే పరిమితమయ్యారు. కర్మాగారం అమ్మకాన్ని ప్రకటించిన కేంద్రంలోని పాలక పక్షమైన భారతీయ జనతా పార్టీకే, తెలుగుదేశం, జనసేనల పొత్తుతో, ఆ స్థానం దక్కింది.